పగకు నేర్చిన భాష

ఒకడిమీద పగ తీర్చుకోవడానికి పరాయి దేశపు భాష నేర్చుకున్న మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. పేరు భూక్యా జీవన్. పాలకీడు దగ్గర ఒక లంబాడీ తండా వాళ్ళది. మిర్యాలగూడలో మా రైస్ మిల్లులో పదకొండేళ్ళు పనిచేశాడు. నేను అదే మిల్లులో కాంటా గుమస్తాని, పేరు లింగస్వామి. వచ్చిన ధాన్యం ట్రాక్టరును తూకం వేసి చీటీ రాసివ్వడం నా పని. ఈ కథలో నేను పెద్దగా చేసిందేమీ లేదు. ఆ సంగతి తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

జీవన్ మిల్లుకు మొదట బస్తాలు మోయడానికి వచ్చాడు. అప్పటికి ఇరవై రెండేళ్ళుంటాయి. మధ్యాహ్నం అన్నాలు తిని హమాలీలంతా గోనెల మీద నడుం వాలిస్తే అతను మాత్రం పోయి సార్టెక్స్ దగ్గర నిలబడేవాడు. సార్టెక్స్ అంటే బియ్యంలో నల్లగింజను, రంగు మారిన గింజను కెమెరాతో పసిగట్టి, గాలి ఊది పక్కకు నెట్టేసే యంత్రం. దాని నోట్లోంచి శుభ్రంగా వచ్చిన బియ్యమే బజారులో నిలబడుతుంది. అందుకే మిల్లులో సార్టెక్స్ ఆపరేటరంటే మర్యాద ఎక్కువ. మూడేళ్ళు నిలబడి చూసి, చూసి, ఒకనాడు ఆపరేటరు రాకపోతే తనే నడిపి చూపించాడు. ఆ రోజు నుంచి బస్తా మోయలేదు.

అతనికో అలవాటుండేది. మెకానిక్ వచ్చి ఏ మిషన్ విప్పినా పక్కన నిలబడి ఫోన్లో మొత్తం వీడియో తీసుకునేవాడు. ఏ మర ముందు తీశారు, ఏ పైపు ఎటు తిప్పారు, అన్నీ. ఏడో తరగతితో చదువు ఆపిన మనిషి, మిషన్ పుస్తకం చేతికిస్తే ఏం చేసుకుంటాడు? అదే రోగం రెండోసారి వస్తే వీడియో ముందు పెట్టుకుని తనే బాగుచేసేవాడు. 'జీవన్ చెయ్యి పడితే మిషన్ మాట వింటది' అని చుట్టుపక్కల మిల్లుల వాళ్ళు కూడా అనేవారు. ఆ మాట అతనికి ఎంత ప్రాణమో వాళ్ళావిడ రజితకు తెలుసు, నాకు తెలుసు.

ఇక సంతోష్ సంగతి. వాడిది కోదాడ. చైనాలో డాక్టరు చదువుకని పోయి మధ్యలో వదిలేసి వచ్చాడు. మందు చీటీ రాయడం రాలేదు గానీ నాలుగు చైనా ముక్కలు నోటికొచ్చాయి. వాటిని పట్టుకునే చైనా మిషన్లు తెచ్చే డీలరు దగ్గర ఏజెంటయ్యాడు. దుమ్ముకు ముక్కుకు రుమాలు, లోపలికొచ్చినా తియ్యని నల్ల కళ్ళద్దాలు. మా మిల్లు ఓనరు సేటు దగ్గర 'అండీ' లేకుండా మాట ముగించడు. జీవన్‌ను మాత్రం 'ఏయ్' అని పిలిచేవాడు.

2022 వానాకాలం పంటకు మా సేటు వాడి ద్వారానే కొత్త సార్టెక్స్ తెప్పించాడు. దానికి తడి లేని గాలి కావాలి. గాలిలో తడిని పీల్చేసే పెట్టె ఒకటుంటుంది, డ్రైయర్ అంటారు. అది లేకుండా మిషన్ నడపకూడదని కంపెనీ షరతు. సేటు ఈ సీజన్‌కు అదెందుకు, ముందు మిషన్ తిరగనివ్వు, వచ్చే పంటకు చూద్దామన్నాడు. డ్రైయర్ ఇప్పుడే పంపొద్దని సంతోష్‌కు ఫోన్ చేసింది నేనే. వాడు సరేనన్నాడు. ఈ ముక్క ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత దాచాడని ఎవరూ అనకూడదు.

జీవన్ రెండుసార్లు సేటు దగ్గరికి పోయి గాలి పైపులో నీళ్ళు వస్తున్నాయని, డ్రైయర్ లేకపోతే మిషన్ చెడుతుందని మొత్తుకున్నాడు. వస్తుంది, దారిలో ఉందని సేటు అన్నాడు. అతను రోజూ పొద్దున గాలి ట్యాంకు అడుగున మర తిప్పి నీళ్ళు వంపుకుంటూ నాలుగు నెలలు నెట్టుకొచ్చాడు. ఫిబ్రవరిలో గాలి ఊదే సన్నటి వాల్వులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. నల్లగింజ బియ్యంలోనే ఉండిపోయింది. కాకినాడ రేవుకు పంపిన సరుకు సరుకంతా వెనక్కి తిరిగొచ్చింది. భాగస్తులు మిల్లు ఆఫీసులో వచ్చి కూర్చున్నారు. వాళ్ళకు చూపించడానికి సేటుకు ఒక మనిషి కావాలి.

ఆ రోజు మిషన్ దగ్గర సేటు, ఇద్దరు భాగస్తులు, నేను, పదిమంది దాకా హమాలీలు ఉన్నాం. సంతోష్ తన ఫోన్లో చైనా కంపెనీ ఇంజనీరును పిలిచాడు. లియూ అని, సన్నటి మనిషి, ఎదురుగా తెర మీద కనిపిస్తున్నాడు. జీవన్ మిషన్ మూత విప్పి, అలవాటు ప్రకారం తన ఫోన్ పక్కన ఆనించి వీడియో పెట్టుకున్నాడు. ఇంజనీరు అడుగుతున్నాడు, సంతోష్ చెబుతున్నాడు. మాకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. పదకొండు నిమిషాల తర్వాత సంతోష్ ఫోన్ పెట్టేసి మావైపు తిరిగాడు.

"ఇంజనీరు గారు ఏమంటున్నారంటేనండీ, గాలి లైనును ఆపరేటరే పాడుచేశాడంట. తండాల్లో నుంచి వచ్చినోళ్ళ చేతికి ఇలాంటి మిషను ఇస్తే ఇంతేనంటండీ."

జీవన్ గాలిలో నీళ్ళొస్తున్నాయని తను ముందే చెప్పానని, డ్రైయర్ లేదని అన్నాడు. సేటు వినిపించుకోలేదు. చైనా ఇంజనీరు కంటే నీకెక్కువ తెలుసా అని భాగస్తుల ముందు గదమాయించి, అప్పటికప్పుడు లెక్క చూసి పంపించమని నాకు చెప్పాడు. జీవన్ నావైపు చూశాడు. నేను లోపలికి పోయి రిజిస్టరు తెచ్చాను.

మిర్యాలగూడలో ఎన్ని మిల్లులున్నా మాట ఒక్క పూటలో అన్నిటికీ పాకుతుంది. కోట్ల మిషన్‌ను నాశనం చేశాడనే పేరు పడ్డాక అతన్ని ఎవరు రానిస్తారు? మూడు నెలలు గేటు గేటుకూ తిరిగాడు. బస్తాలు మోస్తానంటే సరేనన్నారు గానీ మిషన్ దగ్గరికి పోవద్దన్నారు. ఆ మాటతో అతను మిర్యాలగూడ వదిలేశాడు. సూర్యాపేటలో ఒక పిండి గిర్నిని కిరాయికి తీసుకుని రజితతో కలిసి నడుపుకోసాగాడు. కారం, పసుపు, జొన్నలు పడతాడు. పూట గడుస్తుంది. మనిషికి పూట గడిస్తే చాలా?

మా చెల్లెలిది సూర్యాపేటే. నెలకోసారి పోయినప్పుడు గిర్ని దగ్గర కూర్చుని వచ్చేవాణ్ణి. మొదటిసారి పోయినప్పుడే అతను ఫోన్ తీసి ఆనాటి పదకొండు నిమిషాల వీడియో చూపించాడు.

"తండా అంటే ఏందో చైనావోనికేం తెల్సే అన్నా? ఆ మాట ఆయనది కాదు, వీనిది. మరి మిగిలిన దాంట్ల ఎన్ని వీనియి? నాకు గది తెల్వాలె."

మాట పట్టి తెలుగులో చెప్పే యాప్ ఒకటి ఫోన్లో ఎక్కించి దానికి వీడియో వినిపించాడట. వెనక మిల్లు మోత. ఆ యాప్ 'పెళ్ళికి వంటవాడు రాలేదు' అని చెప్పింది. అది చెబుతూ రజిత నవ్వింది, జీవన్ నవ్వలేదు. భాష వచ్చినవాళ్ళనెవరినైనా పట్టుకుని అడగొచ్చు కదా అన్నాను. ఇంకెవర్నీ మధ్యలో పెట్టుకోనన్నాడు. మధ్యలో మనిషి ఉంటే ఏమవుతుందో ఒకసారి చూశాను, ఇక చాలన్నాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ కమ్లికి తెలుగు సరిగ్గా రాకపోతే మండలాఫీసులో ఆమె మాటను తెలుగులో చెప్పింది ఇతనేనట. ఒక్క అక్షరం మార్చి చెప్పాలన్న ఆలోచన కూడా తనకు రాలేదని చెప్పి, సంతోష్‌ను తండా భాషలో ఏదో అన్నాడు. రజిత అతని నోటి మీద చెయ్యి పెట్టింది.

సూర్యాపేటలో భాషలు నేర్పే సెంటరుకు పోతే ఇంగ్లీషు నేర్చుకో పనికొస్తుంది అన్నారట. నర్సులకు జర్మన్ బ్యాచి కూడా ఉంది, కావాలంటే అందులో చేరమన్నారట. చైనా భాష కావాలంటే పిండి గిర్నివాడికి చైనాతో ఏం పని అని నవ్వారు. అతను ఫోన్లో హిందీలో చెప్పే పాఠాలు పట్టుకున్నాడు. బీహారు కూలీలతో పదకొండేళ్ళు పనిచేసిన మనిషికి హిందీ కొట్టినపిండి. ఆరు నెలలు అలా నెట్టాక కోదాడలో రూప అనే అమ్మాయి సంగతి తెలిసింది. అనంతగిరి వైపు పిల్ల. చైనాలో డాక్టరు చదువు పూర్తిగా చదివి, పరీక్షలు గట్టెక్కి, కోదాడలో ఒక దవాఖానలో పనిచేస్తోంది. జీవన్ బస్సెక్కి పోయి రోగుల వరుసలో కూర్చున్నాడు. వంతు వచ్చాక ఏం నొప్పి అని అడిగితే చైనా భాష నేర్పమన్నాడు.

ఎందుకని అడిగిందట ఆ పిల్ల.

"ఒకన్ని కొట్టాలె మేడమ్."

కొట్టడానికి భాషెందుకని ఆమె నవ్వింది. చేత్తో కొడితే కేసవుతుంది, పైగా వారంలో మానిపోతుంది అన్నాడు ఇతను. ఆమెకు ఏం నచ్చిందో గానీ ఆదివారం ఆదివారం గంటసేపు ఫోన్లో నేర్పడానికి ఒప్పుకుంది. ఆ వీడియో మాత్రం ఆమెకు ఎన్నడూ చూపించలేదు.

రాయడం, చదవడం వద్దన్నాడు. వాళ్ళు నా ముందర రాయలేదు, మాట్లాడారు, నాకు వినడం, పలకడం చాలన్నాడు. మాటలన్నీ పెద్ద నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లో రాసుకునేవాడు. ఒకే మాటను నాలుగు రకాలుగా రాగం తీస్తే నాలుగు అర్థాలొస్తాయి కదా ఆ భాషలో, దానికి రజిత తలపట్టుకునేది. జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు ఇతని రాగాలు విని, పాపం మిల్లులో పని పోయినప్పటినుంచీ ఇలా అయ్యాడట అని గుసగుసలాడుకునేవారు. ఇంకొక వింత. పాఠం వినేటప్పుడు అందరూ తలుపులు మూసుకుంటారు. ఇతను గిర్ని మోటారు ఆన్ చేసేవాడు. చప్పుడు ఆపండి, నా గొంతు మీకెలా వినపడుతుందని రూప విసుక్కుంటే, నేను వినాల్సిన మనిషి చప్పుడులోనే మాట్లాడాడు మేడమ్ అనేవాడు. అలా పిండి ఎగురుతుంటే, బెల్టు టపటపలాడుతుంటే చైనా భాష చెవికెక్కించుకున్న మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు ఉండడు.

గిర్నిలో గింజలు పోసే డబ్బాకు సంతోష్ ఇచ్చిన విజిటింగ్ కార్డు అంటించి ఉండేది. పొద్దున గిర్ని తెరవగానే ఆ కార్డు ముందు నిలబడి చైనా భాషలో ఏదో అనేవాడు. ఏమంటావని అడిగితే, రూప మేడమ్ నేర్పని మాటలు అన్నాడు. పగ కూడు పెడుతుందా అని రజిత కొన్నాళ్ళు పోట్లాడింది. తర్వాత మానేసింది. వాళ్ళ పుట్టింటి తండాలో పెళ్ళికి పోతే, మిషన్ చెడగొట్టినాయన భార్య ఈమేనని ఎవరో వేలుపెట్టి చూపించారట. ఆ తర్వాత ఆదివారం పాఠం వేళకు ఎవరైనా గింజలు తెస్తే ఆమే పక్కకు కూర్చోబెట్టేది.

సంవత్సరం తిరిగేసరికి వీడియోలో ఇంజనీరు మాటలు ఒక్కటొక్కటిగా చిక్కాయి. మొదట 'గాలి', తర్వాత 'నీళ్ళు', తర్వాత 'మిషన్'. మాట దొరికిన రోజు నాకు ఫోన్ చేసి చెప్పేవాడు. ఒకనాడు ఫోన్ రాలేదు. నేనే సూర్యాపేట పోయాను. గిర్ని మూసి ఉంది. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్నాడు. రజిత చెప్పింది. ఇంజనీరు నిజంగానే అన్నాడట, 'అయితే ఆపరేటరే దాన్ని ఆపేసి ఉంటాడు' అని. దేన్నో ఇంకా చిక్కలేదు. ఏడాదిన్నర చెమటోడ్చి తెలుసుకుంది తన తప్పే ఉందన్న మాటనా? నోటుబుక్కులు అప్పటికే పొయ్యి పక్కకు చేరాయి. నేను పక్కన కూర్చుని ఊరుకో తమ్మీ అన్నాను. ఇంకేం చెప్పగలను?

చెప్పగలను. చెప్పలేదు. డ్రైయర్ వద్దని ఫోన్ చేసింది నేనేనన్న మాట నాలుక చివర ఉండింది. సేటు దగ్గర ఉద్యోగం, ఇంకా చదువుతున్న పిల్లలు, వయసు యాభై రెండు. లోకంలో ప్రతి పిరికివాడి దగ్గరా ఈ మూడు లెక్కలు ఉంటాయి. టీ తాగి బస్సెక్కాను.

నాలుగో రోజు అతనే ఫోన్ చేశాడు. గొంతు మారిపోయి ఉంది. ఇన్నాళ్ళూ ఇంజనీరు మాటలే వింటూ వచ్చాడట. సంతోష్ మాటలు దాటేసేవాడట, వాడి గొంతు వింటేనే కడుపు రగులుతుంది కాబట్టి. ఆ రోజు తిక్కతో వాడివే పట్టుకుని విన్నాడు. వాడి చైనా భాషకు కోదాడ యాస, సగం మాటలు మింగేస్తాడు. అందుకే రెండు రోజులు పట్టింది. ఇంజనీరు అడిగాడు, డ్రైయర్ పెట్టారా అని. సంతోష్ చెప్పాడు, పెట్టాం, రోజూ నడుస్తోంది, నా కళ్ళతో చూశాను అని. ఉంటే గాలిలోకి నీళ్ళెలా వస్తాయి, అయితే ఆపరేటరే ఆపేసి ఉంటాడన్నాడు ఇంజనీరు. అదీ జరిగింది. అటు ఆయనకూ అబద్ధమే, ఇటు మాకూ అబద్ధమే. ఆ మాట మీదే కంపెనీ కొత్త వాల్వులు ఉచితంగా పంపింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఒక గిర్నివాడు పట్టాడు.

అప్పుడే పోయి సేటు ముందు వీడియో పెట్టి చెప్పు అన్నాను. జీవన్ ఒప్పుకోలేదు. నేను చెబితే అది చైనా మాటని ఎవరు నమ్ముతారు, వాడు కాదంటే పోతుంది అన్నాడు. ఇంజనీరు ఉండగా, వాడు ఉండగా, అదే చోట నిలబడాలన్నాడు. ఇప్పటిదాకా వినడం నేర్చుకున్నాను, ఇకనుంచి మాట్లాడడం నేర్చుకుంటానన్నాడు. ఇంకో సంవత్సరం ఆదివారాలు దానికి పోయాయి. అంత ఓపికగా పగ పట్టిన మనిషిని చూస్తే నాకు భయం కూడా వేసేది.

డ్రైయర్ మాత్రం ఆ తర్వాత కూడా రాలేదు. మొన్న నవంబరులో, వానాకాలం వడ్లు రోడ్డు పొడుగునా ట్రాక్టర్లలో నిలబడి ఉండగా, సార్టెక్స్ మళ్ళీ ఆగిపోయింది. అదే రోగం. మరునాడు పదకొండు గంటలకు ఇంజనీరుతో మాట్లాడిస్తానని సంతోష్ చెప్పాడు. ఆ సాయంత్రం జీవన్‌కు ఫోన్ చేసింది నేనే. పోనీ ఇదొక్కటైనా చేశాననుకున్నాను.

పొద్దున పదిన్నరకే వచ్చాడు. ఉతికిన చొక్కా, చేతిలో ఏమీ లేదు. పాత హమాలీ ఉప్పలయ్య గుర్తుపట్టి లోపలికి తీసుకొచ్చాడు. సేటు చూసి మొహం చిట్లించుకున్నాడు గానీ మిషన్ ఆగిన గాభరాలో పొమ్మని కూడా అనలేదు. సంతోష్ మాత్రం కళ్ళద్దాల్లోంచి చూసి, ఏయ్, ఇక్కడేం పని అన్నాడు. జీవన్ పోయి హమాలీల పక్కన నిలబడ్డాడు.

తెర మీద మళ్ళీ ఆ లియూనే. ఏదో అడిగాడు. సంతోష్ ఏదో చెప్పాడు. వాడి మాట పూర్తి కాకముందే వెనకనుంచి ఒక గొంతు లేచింది. నిదానంగా, ఒక్కొక్క మాటా నొక్కి. మిల్లులో అందరం అటు తిరిగాం. జీవన్ చైనా భాషలో మాట్లాడుతున్నాడు.

సంతోష్ కళ్ళద్దాలు తీసేశాడు. తెరలోని మనిషి ముందుకు వంగాడు. ఎవరు నువ్వని అడిగి ఉంటాడు, జీవన్ తన గుండె మీద వేలు పెట్టుకుని ఇంకో నాలుగు మాటలు చెప్పాడు. సంతోష్ చేతిలో నుంచి ఫోన్ తీసుకుని నేరుగా గాలి ట్యాంకు దగ్గరికి నడిచాడు. అడుగున మర తిప్పాడు. తెల్లగా నురగతో, నూనె కలిసిన నీళ్ళు సర్రున కొట్టి సంతోష్ బూట్ల మీద పడ్డాయి. ఆ నీళ్ళనూ, డ్రైయర్ ఉండాల్సిన చోట ఖాళీ గోడనూ ఫోన్‌కు చూపించాడు. అటునుంచి ఇంజనీరు ఏదో అడిగాడు. జీవన్ సేటు వైపు తిరిగి, అందరికీ వినపడేలా తెలుగులో చెప్పాడు.

"రెండున్నరేండ్ల కింద డ్రైయర్ ఉన్నదని ఎవరు చెప్పిన్రని అడుగుతుండు. నేను జవాబియ్యాలె గద సేటూ, చెప్పుండ్రి."

సేటు గేటు వైపు చూశాడు. బయట ట్రాక్టర్ల వాళ్ళు హారన్లు కొడుతున్నారు.

"అరె, డ్రైయర్ లేదని నాకు ముందే ఎరికే. ఒక్క సీజన్‌కు ఆగుదమనుకున్న. ఫోన్ చేసి వద్దన్నది మన లింగస్వామే గద. గవన్ని ఇప్పుడెందుకు, ముందు మిషన్ నడువాలె. గది సూడమను."

జీవన్ నావైపు చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత ఫోన్ వైపు తిరిగి సేటు అన్నదంతా చైనా భాషలో చెప్పడం మొదలుపెట్టాడు. సంతోష్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. 'ఏయ్' అన్న నోటితోనే 'అన్నా, అది చెప్పొద్దన్నా, నా ఏజెన్సీ పోతుంది' అని బతిమాలాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. జీవన్ చెయ్యి విదిలించుకుని ఒక్క ముక్క వదలకుండా పూర్తిగా చెప్పాడు. ఆ పరాయి మాటల మధ్య నా పేరు నాకు స్పష్టంగా వినపడింది.

ఇంజనీరు చెప్పిందీ అలాగే వరసగా తెలుగులో చెప్పుకొచ్చాడు. అబద్ధం చెప్పి వాల్వులు తీసుకున్నారు కాబట్టి ఈ మిషన్‌కు కంపెనీ పూచీ ఈ క్షణం నుంచి రద్దు. డ్రైయర్ పెట్టేదాకా ఎవరూ రారు. సంతోష్‌తో కంపెనీ ఇకమీద మాట్లాడదు. చివర్లో ఇంకొక మాట ఉంది. అది మాత్రం హమాలీల వైపు తిరిగి చెప్పాడు.

"ఆనాటి ఆపరేటర్ తప్పేం లేదంటుండు. తెల్వక మాట అన్నదానికి మాఫ్ చెయ్యమంటుండు. గీ మాట గీడున్న అందరికి చెప్పమంటుండు."

ఉప్పలయ్య తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. సాయంత్రానికి ఆ మాట మిర్యాలగూడలో ప్రతి మిల్లు గేటూ దాటిందని తర్వాత తెలిసింది. సేటు దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. జరిగిందేదో జరిగింది, రేపటినుంచి పనిలోకి రా, ముందు ఈ మిషన్ సంగతి చూడమన్నాడు. జీవన్ ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టాడు.

"మీ మిషన్ నేను ముట్ట సేటూ. అది ఆగి ఉండంగ సూడనీకె వచ్చిన. సూసిన."

ఫోన్ సంతోష్ చేతిలో పెట్టి బయటికి నడిచాడు. నడకలో తొందర లేదు. ట్రాక్టర్ల వరుస పక్కనుంచి, ఆగిపోయిన మిల్లును వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ పోయాడు. పెళ్ళి భోజనం చేసి వస్తున్న మనిషిలా ఉన్నాడు. నేను కాంటా వదిలేసి అతని వెనకాల రోడ్డు దాకా పరిగెత్తాను. సేటు చెబితే చేశానని, నా పరిస్థితి అలాంటిదని, నిన్న ఫోన్ చేసి పిలిచింది కూడా నేనేనని ఏవేవో అన్నాను. అన్నీ విన్నాడు. కోపంగా ఉన్నట్టు కూడా కనపడలేదు. నన్ను చూసిన చూపు మాత్రం ఇందాక సంతోష్‌ను చూసిన చూపే.

"డ్రైయర్ లేదన్న ఆ ఒక్క మాట చెప్పనీకె నాకు రెండున్నరేండ్లు పట్టిందన్నా, భాష రాక. నీకు తెలుగు పుట్టినప్పటిసంది వచ్చు గద."

సూర్యాపేట బస్సు వచ్చింది. ఎక్కి, అవతలి పక్క కిటికీ దగ్గర కూర్చున్నాడు.